గుమాస్తా లేని బోర్డు, లేదనలేని సమద్

మొన్న ఫిబ్రవరి దాకా, అంటే ముప్పై నాలుగేళ్లు నిండేదాకా, సమద్ ఎవరితోనైనా "లేదు" అనో "కాదు" అనో చెప్పగా విన్న మనిషి వరంగల్‌లో లేడు. ఉంటే నా ఎదుటికి రమ్మనండి, పోచమ్మమైదాన్‌లో కడుపునిండా మిర్చి బజ్జీలు తినిపిస్తాను. ఏమడిగినా అతని దగ్గర ఒకటే జవాబు: "అయితది తీ."

ఒకసారి మేడారం జాతరకు వాళ్ల బావమరిది వ్యాన్ తెచ్చిపెడతానన్నాడు. వ్యాన్‌లో ఎనిమిది సీట్లు. మండి బజార్‌లో వాళ్ల గల్లీ వాళ్లు ఒక్కొక్కరే వచ్చి "మాకూ జాగ ఉంటదా సమద్?" అని అడిగారు. ఒక్కొక్కరికే "అయితది తీ" అన్నాడు. తెల్లవారేసరికి పంతొమ్మిది మంది బెల్లం ముద్దలతో, కోళ్లతో వ్యాన్ ముందు నిలబడ్డారు. సమద్ తన తమ్ముణ్ని, చిన్నాన్నను, చివరికి వ్యాన్ ఇచ్చిన బావమరిదిని కూడా దింపి, కొందరిని ఒళ్లో కూర్చోబెట్టి, మిగిలినవాళ్లను తీసుకుని తను ములుగు మీదుగా జాతరకు పోయే బస్సెక్కాడు. ఇంకోసారి ఒకే మధ్యాహ్నం రెండు పెళ్లిళ్లకు వస్తానని రెండుచోట్లా బిర్యానీ తిన్నాడు. రెండ్రోజులు మంచం దిగలేదు. "ఆయనకు కడుపుతోని గూడ లేదు అనరాదు" అంది వాళ్లావిడ అఫ్సానా నాతో. పాపం, నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు వెనక పదేళ్ల కాపురం ఉంది.

నా పేరు సుకన్య. హన్మకొండలో ఒక టిఫిన్ సెంటర్ మీది అంతస్తులో మా ఆఫీసు. ఎనిమిది మందిమి. నా పని టెస్టింగ్, అంటే మగవాళ్లు "అయిపోయింది" అన్నదాన్ని "కాలేదు" అని రుజువు చేయడం. ఈ పనికి నా కోపం బాగా పనికొస్తుందని మా ఓనర్ ఓంప్రకాశ్ సార్ అంటుంటారు. నాకేం అంత కోపం ఉండదు. సమద్ లాంటి వాళ్లు తెప్పిస్తారు.

మేం చేసేది మిర్చి చూసే డబ్బా. ఎరుపు పోయి తెల్లబడ్డ కాయను మా దగ్గర తాలు అంటారు. వంద కాయల్లో తాలు ఎన్ని ఉంటే ధర అంత కిందికి పోతుంది. బస్తాలోంచి తీసిన గుప్పెడు కాయల్ని ఖరీదుదారు ఒక చూపు చూసి "పది తాలు" అనేస్తాడు, రైతు "ఎక్కడిది పది" అని మొత్తుకుంటాడు, రోజూ ఇదే గొడవ. మా డబ్బాలో కాయలు పోస్తే లోపలి కెమెరా ఫొటో తీసి, నూటికి ఎన్నో లెక్కగట్టి చెప్తుంది. ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒకరోజు నడిపి చూపిస్తే ఇరవై డబ్బాల ఆర్డర్ వస్తుందని సార్ ఆశ. రాకపోతే ఎనిమిది మందిలో నలుగురు ఇంట్లో కూర్చోవాలని కూడా ఆయనే చెప్పారు. ఆ నలుగురెవరో చెప్పలేదు, అందుకని ఎనిమిది మందిమీ భయపడ్డాం.

ఆ కెమెరాకూ, కెర్నల్ అని పిలిచే కంప్యూటర్ గుండెకాయకూ మధ్య మాట కలిపే ప్రోగ్రాం ఒకటి కావాలి. దాన్ని డ్రైవర్ అంటారు, అది రాసేది సమద్. చదివింది పాలిటెక్నిక్, మిగతాదంతా సొంతంగా నేర్చుకున్నదే. హైదరాబాద్ కంపెనీల వాళ్లు కూడా ఫోన్ చేసి సందేహాలు అడుగుతారు. ఎవరడిగినా చెప్తాడు, ఎంతసేపైనా చెప్తాడు, తన పని అట్లాగే ఉండిపోతుంది. నేను తిట్టుకుంటాను.

జనవరి ఆఖర్లో, డబ్బా లోపల పెట్టే పాత రకం కంప్యూటర్ బోర్డులు దొరకడం లేదని సార్ కొంచెం చౌక రకం తెప్పించారు. చూడ్డానికి అచ్చం అదే. పెట్టి ఆన్ చేస్తే మాత్రం, కెమెరా పేరెత్తగానే బోర్డు బిగుసుకుపోతోంది. సమద్ రోజంతా దాంతో కుస్తీ పట్టి, సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"అక్కా, గుమాస్తా లేడు."

"ఏ గుమాస్తా? జీతాలకే దిక్కులేదు, మనకు గుమాస్తా ఎక్కడిది?"

అప్పుడు చెప్పాడు. కొత్త బోర్డులో ఐఓఎంఎంయూ అనే భాగం లేదట. అదేమిటో నాకు అర్థమయ్యేదాకా యార్డు భాషలో చెప్పాడు. ఒక రైతు నలభై బస్తాలు తెచ్చాడనుకోండి. షెడ్లన్నీ నిండి ఉన్నాయి, ఖాళీ ఐదారు చోట్ల ముక్కలు ముక్కలుగా ఉంది. హమాలీకి ఆ సంగతి అక్కర్లేదు. అతను ఒకటి నుంచి నలభై దాకా వరసగా మోసుకొస్తూనే ఉంటాడు. దారిలో ఒక గుమాస్తా కాగితం పట్టుకుని నిలబడి, "ఇది ఈ షెడ్డుకు, అది ఆ మూలకు" అని పంపిస్తుంటాడు. ఇక్కడ హమాలీ కెమెరా, బస్తాలు ఫొటో ముక్కలు, షెడ్లు మెమరీ, గుమాస్తా ఆ భాగం. పాత బోర్డులో గుమాస్తా ఉన్నాడు కాబట్టి సమద్ డ్రైవర్ నేరుగా పోయి అతని చేతిలో కాగితం పెట్టేది. కొత్త బోర్డులో అక్కడ మనిషే లేడు. ఉన్నాడో లేడో చూసుకోకుండా కాగితం పెట్టబోయి డ్రైవర్ బోర్లా పడుతోంది.

"మరి ఉన్నడా లేడా అని ముందు అడుగచ్చు గద?" అన్నాను.

"అడుగచ్చు అక్కా. లేడని తెలిస్తే, ముందుగాల్నే ఒక్కకాడ ఖాళీ జాగ మొత్తం కావాలని కెర్నల్‌ను అడుక్కోవాలె. అదీ దొరకకపోతే నడవనని చెప్పి ఆగిపోవాలె. దానికి చాన మార్చాలె, పది పదిహేను రోజులు పడతది."

సరిగ్గా అప్పుడే సార్ వచ్చారు. "సమద్, గురువారం యార్డుల పెడుతున్నం. మాటిచ్చి వచ్చిన. అయితదా?"

నేను సమద్ కాలు తొక్కాను, గట్టిగానే. అయినా లాభం లేకపోయింది.

"అయితది తీ సార్."

సార్ వెళ్లాక నేను పట్టుకున్నాను. "ఏమైతది? గురువారానికి నాలుగు రోజులున్నయి. మంత్రమేస్తవా?"

"సార్ మొఖం చూసినవా అక్కా? అంత సంబురంగ ఉన్నడు, ఎట్ల చెప్పాలె? ఏదో ఒకటి సర్దుత తీ, ఫికర్ చెయ్యకు."

సర్దాడు. గుమాస్తా లేకపోతే ఖాళీ జాగా అడగడం కూడా మానేసి, మొదటి బస్తా దించే చోటు మాత్రం కెమెరాకు చెప్పేట్టు రాశాడు. మిగతావి అది ఆ పక్కనే వరసగా దించుకుంటూ పోతుంది. ప్రోగ్రాంలో ఆ లైను పక్కన "ప్రస్తుతానికి ఇట్లా, తర్వాత చూద్దాం" అని ఒక వ్యాఖ్య కూడా పెట్టాడు. బోర్డు బిగుసుకుపోవడం మానేసింది. ఫొటోలు చక్కగా వచ్చాయి. నేను రెండు రోజులు పరీక్షించాను, ఒక్క తప్పు దొరకలేదు. సరే అని రాసి సంతకం పెట్టాను. ఈ కథలో తప్పంతా సమద్‌దే అని మీరనుకోకుండా ఈ మాట ఇక్కడే చెప్తున్నాను.

గురువారం పొద్దున ఏడింటికే డబ్బాను యార్డులో పెట్టి ఆన్ చేశాం. ఓంప్రకాశ్ సార్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. ఫిబ్రవరి, మిర్చి ముమ్మరంగా వచ్చే రోజులు. షెడ్లు, బాటలు, ఎటు చూసినా ఎర్రటి బస్తాలే. గాలి పీలిస్తే తుమ్ము, మాట్లాడితే దగ్గు. ఆ రోజు మొదటి ధర తేల్చే జెండా పాట అయిపోయాక సుదర్శన్ సేటు వచ్చాడు. పది మంది రైతుల సరుకుకు మా డబ్బా చెప్పిన తాలు లెక్కే ఖాయమనీ, దాన్నిబట్టే ధర కడతాననీ ఒప్పుకున్న ఖరీదుదారు ఆయనే. రైతులూ సరేనన్నారు.

ఆరుగురిదాకా అంతా పెళ్లిసందడే. మూడు, ఐదు, నాలుగు అని డబ్బా చెప్పడం, సేటు ఒక కాయ తిప్పి చూసి తలూపడం. ఏడో రైతు కాయలు వానకు తడిసినవి, నిజంగానే తెల్లగా ఉన్నాయి. ముప్పై ఎనిమిది అంది డబ్బా, రెండోసారి తీసినా అంతే. ఆయనే ఒప్పుకున్నాడు. ఎనిమిదోవాడు యాకయ్య, డెబ్బై దాటిన ముసలాయన, నర్సంపేట దిక్కు. కాయలు ఎర్రగా కనబడుతున్నాయి. డబ్బా పదిహేడు అంది. ఆయన డబ్బా వైపు ఒకసారి, కాయల వైపు ఒకసారి చూసుకున్నాడు.

"మిషనే చెప్పినంక ఇంకేమున్నది బిడ్డా" అని నెమ్మదిగా తన కుప్ప దగ్గరికి నడిచిపోయాడు. నేను తర్వాతి గుప్పెడు పోసే తొందరలో ఉండి ఆయన్ని పట్టించుకోలేదు. ఇప్పటికీ అది నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

తొమ్మిదో మనిషి సోమక్క. ములుగు అవతలి ఊరు. డబ్బా ముప్పై ఒకటి అనగానే చీర కొంగు నడుముకు చుట్టింది.

"ఏందిరా నీ డబ్బ! ఇంటిల్లిపాది కూసోని కాయ కాయ ఏరినం. నా కాయల ముప్పై ఒకటి తాలా? కండ్లు వోయినయా నీ డబ్బకు? ఏడున్నది తాలు, సూపియ్యి! సూపియ్యవయా!"

యార్డు సగం అక్కడికే వచ్చింది. సమద్ చెమట్లు తుడుచుకుంటూ "ఒక్క నిమిషం అక్కా, అయితది తీ" అని డబ్బాను ఆపి మళ్లీ ఆన్ చేశాడు. ఈసారి అవే కాయలకు మూడు అంది.

"గట్ల చెప్పు!" అంది సోమక్క. అందరూ నవ్వారు. "పొద్దుగాల్నుంచి నడుస్తున్నది గద, జర వేడెక్కింది" అన్నారు ఓంప్రకాశ్ సార్, ఆయన కూడా నవ్వేస్తూ. గొడవ తీరిపోయింది. సేటు గడియారం చూసుకున్నాడు. ఇంకొక్క రైతు మిగిలాడు, ఆ ఒక్కటీ అయితే ఇరవై డబ్బాల ఆర్డర్ మాదే.

సమద్ మాత్రం నవ్వలేదు. డబ్బాలో దాచిన ఫొటోలు తెరిచి చూస్తున్నాడు. నన్ను రమ్మని సైగ చేశాడు. సోమక్క మొదటి ఫొటోలో పైన బెత్తెడు మేర నిగనిగలాడే ఎర్రటి కాయలు, కింద మిగతా అంతా తెల్లటివి కలగలిసిన కాయలు. మధ్యలో కత్తితో కోసినట్టు గీత.

"కింద ఉన్నది ఈమె కాయలు కావక్కా. ఏడో ఆయనయి రెండు ఫొటోలు తీసినం గద, అండ్ల ఒకటి. మొదటి బస్తా సరైన కాడ పడ్డది, మిగిలినయి పోయి ఎవని షెడ్డు మీదనో పడ్డయి. ఈ జాగల పాతదే మిగిలింది."

"మరి ఆఫీసుల మంచిగనే నడిచింది గద?"

"కొత్తగ ఆన్ చేసినప్పుడు ఖాళీ జాగ అంత ఒక్కకాడనే ఉంటది. గుమాస్తా లేకున్నా వరసగ పడతయి. గంటలు గంటలు నడిస్తే జాగ ముక్కలైతది."

మా సార్‌కు కరెంటు బిల్లంటే హడల్. టీకి లేస్తే అన్నీ ఆపి లేవాలి, భోజనానికి లేస్తే అన్నీ ఆపి లేవాలి. మా డబ్బా మా ఆఫీసులో ఏనాడూ ఏకబిగిన రెండు గంటలు నడిచిన పాపాన పోలేదు. టెస్టింగ్ నా పని, ఆ ఆలోచన నాకు రావాలి. రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

సమద్ అంతకుముందు ఫొటో తెరిచాడు. యాకయ్యది. అదే గీత. పైన మూడొంతుల్లో రెండొంతులు ఎరుపు, కింద తెలుపు.

సార్ మా వెనకకు వచ్చి నిలబడ్డారు. చూశారు. ఆయన తెలివైన మనిషి, విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. గొంతు బాగా తగ్గించి, బతిమాలుతున్నట్టే అన్నారు. "సమద్, ఇంకొక్కడే ఉన్నడు. ఆపి, ఆన్ చేసి తీస్తే మంచిగనే వస్తది. ఇంటికి పోయినంక మొత్తం సరిచేద్దువు. ఎనిమిది ఇండ్లున్నయి సమద్. ఇప్పుడైతే ఏం మాట్లాడకు. అయితదా?"

సమద్ నోరు తెరిచాడు. ఏమంటాడో నాకు తెలుసు. పదకొండేళ్లుగా వింటున్నాను. నేను కూడా, నిజం చెప్పాలంటే, ఆ ఒక్కసారికి ఆ మాటే అంటే బాగుండునని కోరుకున్నాను. మా ఆయనకు ఆ నెల పని లేదు.

"అయి..." అన్నాడు. ఆగాడు.

"లేదు సార్."

ఆ మాట అతనికే కొత్తగా ఉన్నట్టుంది, ఒకసారి మా ఇద్దరి ముఖాలూ చూశాడు. తర్వాత లేచి నిలబడి, ఏడ్పులాంటి గొంతుతో, షెడ్డంతా వినబడేట్టు అరిచాడు. "ఆగుండ్రి! జర ఆగుండ్రి! ఈ డబ్బల ఉండాల్సినది ఒకటి లేదు. లేదని నాకెరికే. ఎరికుండి ఉన్నట్టే నడిపిచ్చిన. యాకయ్య తాతకు చెప్పిన లెక్క తప్పు!"

నిశ్శబ్దమేమీ కాలేదు, యార్డులో నిశ్శబ్దం ఎక్కడిది. తలా ఒక మాట అన్నారు, కొన్ని ఇక్కడ రాయలేను. సమద్ అప్పటికే పరుగెత్తుతున్నాడు. వెనకాల నేను, నా వెనకాల సోమక్క. అవతలి షెడ్డులో యాకయ్య బస్తాలు కాంటా మీదికి ఎక్కుతున్నాయి.

"తాతా, ఆపు! నీ కాయలు మంచియే!"

యాకయ్య లేవనైనా లేవలేదు. "పోనీ తీ బిడ్డా. అయిపాయె గద. ఎందుకు లొల్లి?"

"అయిపోలే తాతా" అని సమద్ వెళ్లి కాంటాకు అడ్డం నిలబడ్డాడు. హమాలీలు భుజాల మీద బస్తాలతో అట్లాగే నిలబడి అతన్ని తిట్టారు.

సుదర్శన్ సేటు తాపీగా వచ్చాడు. ఆయన కోపంలో కూడా న్యాయం ఉంది. "పొద్దుగాల మిషన్‌ను నమ్ము అంటివి, నమ్మిన. ఇప్పుడు మిషన్ తప్పు, నన్ను నమ్ము అంటున్నవు. నిన్నెట్ల నమ్మాలె? కూసో. మూడు బస్తాలల్ల నుంచి కాయలు తియ్యి. వంద. నా ముందట చేత్తోని లెక్కవెట్టు."

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ కథ నేను ఆఫీసు దగ్గర ఆపదలచుకోలేదు. సార్ మాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. ఆర్డర్ వెనక్కి పోయింది, యార్డు వాళ్లు వచ్చే సీజన్‌కు చూద్దామన్నారు. ఎవరినీ ఇంటికి పంపలేదు గానీ అందరికీ సగం జీతమే వచ్చింది. అఫ్సానా బీడీ కార్ఖానా పక్క స్కూల్లో సాయంత్రాలు ట్యూషన్లు పెట్టింది. సమద్ ఇరవై రోజులు కూర్చుని డ్రైవర్‌ను మళ్లీ రాశాడు. ఇప్పుడది మొట్టమొదట గుమాస్తా ఉన్నాడా అని చూస్తుంది. లేకపోతే ఇంకే పనీ మొదలుపెట్టకముందే, ఫొటో మొత్తానికి ఒక్కచోట జాగా అడిగి పెట్టుకుంటుంది. అదీ దొరక్కపోతే కెమెరాను ముట్టుకోకుండా, ఎందుకు నడవనంటుందో ఒక్క వాక్యం రాసి ఆగిపోతుంది. నేను దాన్ని మూడు పగళ్లు మూడు రాత్రులు ఆపకుండా నడిపించాను. కరెంటు బిల్లు సంగతి సార్ ఎత్తలేదు.

ఇక ఆ రోజు యార్డు. సమద్ కింద గోనెసంచి మీద కూర్చుని వంద కాయలు పరిచాడు. జీవితంలో మిర్చి ఏరినవాడు కాదు. పదో కాయ దగ్గర తుమ్మాడు, ఇరవయ్యో కాయ దగ్గర ఆ చేత్తోనే కన్ను నులుముకున్నాడు. ఇంకేముంది, గంతులు! "కన్ను ముట్టకురా సచ్చినోడా!" అని సోమక్క కేకేసి, నా నీళ్ల సీసా లాక్కుని అతని ముఖం మీద గుమ్మరించింది. ఆపైన తనూ ఎదురుగా కూర్చుని, అతను పెట్టిన ప్రతి కాయనూ తిప్పి చూసింది. ఒక కాయ దగ్గర ఇద్దరూ వాదులాడుకున్నారు. తొడిమ దగ్గర కాస్త తెలుపు ఉంది. సమద్ దాన్ని తాలులోనే వేశాడు.

"ఉండనీ అక్కా, మళ్ల తప్పు లెక్క నాకొద్దు" అన్నాడు ముక్కు చీదుకుంటూ.

వందకు నాలుగు వచ్చాయి.

సేటు ఆ నాలుగు కాయల్నీ అరచేతిలో వేసుకుని చూశాడు. చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. మంచి మాట చెప్తున్నవాడిలాగే అన్నాడు. "సరే. డబ్బది పదిహేడు, నీది నాలుగు. నడుమ పది రాసుకుందాం. నీ మాటా దక్కుతది, నా మాటా దక్కుతది. ఏం యాకయ్యా?"

యాకయ్య తలూపనే ఊపాడు. "మంచిది సేటూ."

ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయి, కుడి కంట్లోంచి నీళ్లు కారుతుండగా సమద్ సేటు వైపు చూశాడు. "కాదు సేటూ. నాలుగు."

"రైతే ఒప్పుకున్నంక నడుమ నీకేందయ్యా?"

అందరం యాకయ్య వైపు చూశాం. ఆయన గోనెసంచి మీదికి వంగాడు. ఒక కాయ తీసి, తుడిచి, మళ్లీ అక్కడే పెట్టాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచి నిలబడ్డాడు.

"నాలుగే సేటూ" అన్నాడు. "పండిచ్చినోణ్ని, నాకెరికే. పదిహేడు అన్నప్పుడే ఎరికే."

సేటు పదిహేడు కొట్టేసి నాలుగు రాశాడు. కాంటా మీద ఉన్న బస్తాలను దించి మళ్లీ మొదటి నుంచి తూచారు.